బుడ్డ టీచరమ్మకు రాని లెక్క

ఖాదర్‌వలీ సారును ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. అడిగినవాళ్ళ ముఖంలోకి ఒకసారి చూసి, తాను కూర్చున్న చోటు నుంచి కొంచెం పక్కకు జరుగుతారు. వచ్చి కూర్చోమని దాని అర్థం. కూర్చున్నవాళ్ళకు ఆయన చూస్తున్నదే కనపడుతుంది. అంతకు మించి ఆయన చెప్పరు. కదిరి వైపు హైస్కూళ్ళలో ఏళ్ళ తరబడి లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. మా ఊరి ప్రాథమిక పాఠశాలకు ఒక్కతే టీచరుగా వచ్చిన శైలజ ఆయన దగ్గర చదువుకున్న పిల్ల. ఉద్యోగం వచ్చినా ఆయన దగ్గర ఆమె చదువు అయిపోలేదు. ప్రతి గురువారం ఆయన బస్సు దిగి మా బడికి వచ్చేవారు. ఆమె వారమంతా సందేహాలు దాచిపెట్టుకుని ఆ రోజు అడిగేది. బడి ఆవరణలోని అంగన్‌వాడీ నాది. గోడకు అటువైపు మాట ఇటువైపు వినపడుతుంది.

ఆ గురువారం శైలజ అడిగింది: "సార్, నిజంగా తెలివైన పిల్లను గుర్తుపట్టేది ఎట్లా? నేను గుర్తుపట్టినాననే అనుకున్నా. పొరపాటు పడినట్లుంది."

ఆమె అంటున్నది నా కూతురు ఈశ్వరి గురించి.

ఈశ్వరి అయిదో తరగతి. అయిదు తరగతులకూ ఒక్క టీచరైతే ఏమవుతుందో అందరికీ తెలిసిందే. శైలజ పెద్ద తరగతులకు పాఠం చెబుతుంటే రెండో తరగతికి ఈశ్వరి ఎక్కాలు చెప్పేది. పలకలు దిద్దేది, కొట్లాటలు తీర్చేది, గుడ్లు పంచేటప్పుడు వరుస నిలబెట్టేది. ఊరంతా బుడ్డ టీచరమ్మ అని పేరు పెట్టింది. వాళ్ళ నాన్న తన ఆటో ఎక్కిన ప్రతివాళ్ళకూ ఆ మాట మొదలుపెడితే దిగేదాకా వదిలేవాడు కాదు. ఇచ్చిన లెక్క ఏదైనా ఆమెకు చూడగానే వచ్చేసేది. తప్పు పోవడమంటే ఏమిటో ఆ పిల్లకు తెలియదు. మండలంలో తెలివైన పిల్లలకు శనివారాల్లో విడిగా పాఠాలు చెబుతారని, ఒక్కో బడి నుంచి ఒక్క పేరు పంపమని కబురు వస్తే శైలజ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

పేరు ఖాయం చేసే ముందు పిల్లలందరినీ పిలిచి మండల కేంద్రంలో ఒక పరీక్ష పెట్టారు. మొదటి లెక్క ఈశ్వరికి చూడగానే రాలేదు. దాన్నే చూస్తూ కూర్చుంది. మిగతావి చదవనే లేదు. తెల్ల కాగితం ఇచ్చి వచ్చింది.

ఆ సాయంత్రం నుంచి పిల్ల గోడ వైపు తిరిగి పడుకుంది. మర్నాడు కడుపునొప్పి అంది. ఆ తర్వాత తలనొప్పి. ఆ తర్వాత నొప్పులు చెప్పడం కూడా మానేసి ఊరికే లేవలేదు. మా అత్త దిష్టి తీసింది, ఆటోలో ఊరేగిస్తే తగలకుండా ఉంటుందా అని కొడుకును తిట్టింది. నేను తల నిమురుతుంటే ఈశ్వరి ఒకే ఒక మాట అంది: "నాకు రాదని రెండో తరగతి వాళ్ళకు చెప్పొద్దమ్మా."

శైలజ మంచిది. ఇంటికొచ్చింది. నాకూ చిన్నప్పుడు లెక్కలు తప్పిపోయేవి అని చెబుతూ పలక మీద ఒక హెచ్చవేత వేసి, మధ్యలో తప్పు రాసి, అయ్యో చూడు నాకూ రాలేదు అంది. ఈశ్వరి పలక వైపు చూసింది. "అక్కడ కావాలనే తప్పు రాసినారు మేడం" అని మళ్ళీ గోడ వైపు తిరిగింది. ఆ గోడకు సున్నం పెచ్చు ఊడిన చోటు ఒకటుంది. ఇప్పటికీ నేను ఆ వైపు చూడలేను.

ఇదంతా శైలజ సారుకు చెప్పింది. పరీక్ష ఎలా రాసినా ఆఖరి పేరు బడి టీచరే తేల్చి మర్నాటికి పంపాలి. ఈశ్వరి పేరు తీసి అదే తరగతిలోని నరసింహులు పేరు పెడదామనుకుంటున్నానని, వాడి చేతిరాత ముత్యాల్లా ఉంటుందని, చెప్పిన పని చెప్పినట్లు చేస్తాడని అంది. ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. పాఠాలు పోతే పోనీ. కానీ పేరు కొట్టేశారని తెలిస్తే నా బిడ్డ ఇక ఆ బడి మెట్టు ఎక్కదు. గోడకు ఇటువైపు గంజి కలుపుతూ నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

సారు అడిగారు, రెండో తరగతికి ఈ పాప చెబుతోంది కదా, ఈ పాపకు ఎవరు చెబుతున్నారు అని.

"ఆమెకు అన్నీ వచ్చు సార్" అంది శైలజ.

సారు, ఈ పూట రెండో తరగతి నువ్వే చూసుకోమ్మా అని చెప్పి బయటికి వచ్చారు.

ఆ రోజు ఈశ్వరిని ఇంట్లో వదలబుద్ధి కాక నాతో అంగన్‌వాడీకి తెచ్చుకున్నాను. లోపల బియ్యం మూటల పక్కన మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది. సారు లోపలికి రాలేదు, పిల్లను పిలవలేదు. నా గుమ్మం ముందు ఉన్న ముగ్గు దగ్గర ఆగారు. అది మెలికల ముగ్గు. అడ్డం మూడు, నిలువు నాలుగు చుక్కలు పెట్టి, చుక్కను తాకకుండా తీగ చుట్టుకుంటూ పోతే అన్ని చుక్కలనూ చుట్టి బయలుదేరిన చోటికే వచ్చి కలుస్తుంది. సారు గొంతుక్కూర్చుని ఆ తీగ వెంట వేలు పోనిచ్చారు. అది వచ్చి కలిసేసరికి ఆయన ముఖం పసిపిల్లవాడి ముఖంలా అయింది.

"ఇదంతా ఒకటే గీతనామ్మా?" అని అడిగారు నన్ను.

ఔనన్నాను.

జేబులోంచి సుద్దముక్క తీసి పక్కన బండ మీద తానూ మొదలుపెట్టారు. మూడు అడ్డం, మూడు నిలువు. ఆయన తీగ సగం చుక్కలను వదిలేసి ముందే కలిసిపోయింది. మిగిలిన చుక్కలకు ఇంకో తీగ వేశారు. అదీ చాలక ఇంకోటి. అంగన్‌వాడీ పిల్లలు చుట్టూ మూగి, తాతకు ముగ్గు రాలేదని నవ్వారు. తాత కూడా ఒప్పుకున్నాడు. వెయ్యకముందే ఏది ఒక్క తీగతో వస్తుందో ఎట్లా తెలుస్తుందని నన్ను అడిగారు. మా అమ్మ నేర్పినవే వేస్తాను సారూ, ఎందుకు వస్తాయో ఎప్పుడూ అనుకోలేదన్నాను.

"నాకూ తెలియదు" అన్నారు సారు, సుద్ద పట్టుకుని.

లోపలి నుంచి ఈశ్వరి గొంతు వచ్చింది. ఎన్నో రోజుల తర్వాత తనంతట తాను మాట్లాడిన మాట. "సారుకు తెలుసు. ఊరికే అడుగుతున్నారు."

సారు తల తిప్పి వాకిలి వైపు చూశారు. నవ్వలేదు, బుజ్జగించలేదు. తెలిస్తే ఇంత ఎండలో ఎందుకు కూర్చుంటానని మాత్రం అన్నారు. ఈశ్వరి వాకిట్లోకి వచ్చి ఆయన ముఖాన్ని పరీక్షగా చూసింది. పలక మీద తప్పును చూసినట్లే చూసింది. ఆ ముఖంలో ఏమీ దొరకలేదు కాబోలు, ఒక మెట్టు దిగింది.

కాసేపటికి ఇంకో మెట్టు దిగి, సారు వేసింది చిన్న ముగ్గు కాబట్టి తీగ తిరగడానికి చోటు చాలలేదని, చుక్కలు పెంచితే ఒక్క తీగే వస్తుందని చెప్పింది. బుడ్డ టీచరమ్మ గొంతే అది. నాలుగు అడ్డం, నాలుగు నిలువు పెట్టి తనే మొదలుపెట్టింది.

నాలుగు తీగలు వచ్చాయి.

నా పిల్ల చెయ్యి బండ మీద ఆగిపోయింది. ముఖం తెల్లబోయింది. అంగన్‌వాడీ పిల్లలందరూ చూస్తున్నారు. రెండో తరగతి కిటికీలోంచి కూడా ఎవరో తొంగి చూశారు. ఈశ్వరి కళ్ళు లోపలి బియ్యం మూటల వైపు వెళ్ళాయి. నేను ఒక అడుగు వేసి ఆగాను. ఇప్పుడు లోపలికి పోతే ఇక బయటికి రాదు. సారు ఒక్క మాట అంటే బాగుండును, ఫరవాలేదనో, తప్పు అందరికీ పోతుందనో. ఆయన అటు చూడనైనా చూడలేదు.

"నేనూ అట్లే అనుకున్నా" అని గొణిగి, తన మూడు తీగల ముగ్గును అరచేత్తో తుడిచేసి మళ్ళీ చుక్కలు పెట్టడం మొదలుపెట్టారు.

ఈశ్వరి ఆ చెరిపేసిన మరక వైపు చూస్తూ ఉండిపోయింది. తర్వాత తన నాలుగు తీగలనూ లంగా అంచుతో తుడిచేసింది. మోకాళ్ళ మీద కూర్చుంది. "రెండు పక్కలా చుక్కలు సమానంగా ఉంటే రాదేమో సారూ. అమ్మ వేసినదాంట్లో ఒక పక్క ఎక్కువుంది" అంది.

నాలుగు, అయిదు పెట్టి చూశారు. ఒక్క తీగే వచ్చింది. ఈశ్వరి అరవలేదు, చప్పట్లు కొట్టలేదు. పెదవి కొరుక్కుంటూ నాలుగు, ఆరు పెట్టింది. ఇద్దరూ చెరో కొస నుంచి తీగ లాక్కుంటూ వచ్చారు. అది రెండు తీగలై కూర్చుంది. సమానంగా లేకపోయినా రెండు. పిల్ల చెప్పినది మళ్ళీ తప్పిపోయింది. 

"ఇదీ కాదంట సారూ" అని ఈశ్వరి నవ్వింది.

ఆ నవ్వును నేనేదో వివరించబోను. తల్లులకు తెలుస్తుంది.

తర్వాత వాళ్ళిద్దరికీ మేమెవరమూ లేము. బండ నిండిపోతే వరండాలోకి జరిగారు. వరండా నిండితే మట్టిలోకి దిగి పుల్లతో గీశారు. ఈశ్వరి ఒకటి చెప్పడం, అది తప్పిపోవడం, సారు ఒకటి చెప్పడం, అదీ తప్పిపోవడం. సారు చుక్క తప్పు పెడితే ఈశ్వరి కసిరింది. ఆయన సరే టీచరమ్మా అని సరిచేసుకున్నారు. ఆయన తెల్ల పంచె మోకాళ్ళ దగ్గర ఎర్రబడింది. మధ్యలో శైలజ వచ్చి నిలబడి, చూడలేక, ఈశ్వరీ అట్లా కాదు, ముందుగా అని ఏదో చెప్పబోయింది. జవాబు నీకు తెలుసామ్మా అని సారు తలెత్తకుండానే అడిగారు. తెలియదు సార్ అని ఆమె మళ్ళీ రెండో తరగతికి వెళ్ళిపోయింది. పాపం, అక్కడ ఎక్కాలు ఎవరూ అప్పజెప్పడం లేదు. అందరూ కిటికీకి వేలాడుతున్నారు. తమ బుడ్డ టీచరమ్మకు లెక్క రాకపోవడం వాళ్ళు కళ్ళారా చూశారు. ఒక్కరూ ఏమీ అనుకోలేదు. ఒక పిల్ల మాత్రం, అక్కా నేనూ చుక్కలు పెడతా అని అడిగింది.

అన్నం బెల్లు కొట్టారు. పిల్లలు పళ్ళేలు మోగించుకుంటూ పరిగెత్తారు. పప్పు వాసన ఆవరణంతా కమ్ముకుంది. రోజూ వరుస నిలబెట్టే పిల్ల రాకపోవడంతో వరుస ఎలా పడితే అలా ఉంది. అందరూ తిన్నారు, పళ్ళేలు కడిగారు. ఈశ్వరి వేప పుల్లతో మట్టిలో అయిదు అడ్డం పెట్టి, నిలువు ఎన్ని పెట్టాలో ఆలోచిస్తోంది. జడ ఊడిపోయింది. ముక్కు మీద సుద్ద. నేను అన్నం కలిపిన పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను. పిలవలేదు.

శైలజ పేరు రాయవలసిన కాగితం పట్టుకుని వచ్చింది. కాసేపు వాళ్ళను చూసింది. మట్టి నిండా చెరిపేసినవే ఉన్నాయి.

"సార్, బెల్లయి చాలాసేపయింది" అంది మెల్లగా. "జవాబైతే ఇంకా రాలేదు కదా. ఎవరి పేరు రాయమంటారు?"

సారు తలెత్తి ఆమె ముఖంలోకి చూశారు. కూర్చున్న చోటు నుంచి కొంచెం పక్కకు జరిగారు. శైలజ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని ఆ మట్టిలోనే కూర్చుంది. అప్పుడు ఆయన ఈశ్వరి వంచిన తల వైపు చూస్తూ అన్నారు:

"బెల్లు కొట్టినారా అమ్మా? మా ఇద్దరికీ వినపడలేదు."