రాజుగారు చేసిన వంకర బల్ల

అనగనగా ఒక ఊళ్ళో కోట, ఆ కోటలో ఒక రాజు. పేరు ప్రచండవర్మ. పేరు విని జడుసుకోకండి, మనిషి వెన్నముద్ద. ఊ కొట్టండర్రా, మీరు ఊ కొట్టకపోతే ముందు నాకే నిద్రొచ్చేస్తుంది.

ఆ రాజుగారింటికి కొత్త కోడలొచ్చింది. చెంగల్వ అని ఏటి ఒడ్డున పుట్టిన పిల్ల. అందరు కోడళ్ళూ నగలూ పట్టుచీరలూ తెచ్చుకుంటారా, ఈ పిల్ల ఇత్తడి బిందెలో ఒక ఎర్రచేపని తెచ్చుకుంది. చిన్నప్పట్నుంచీ పెంచుకున్న చేప. అంత పెద్ద కోటలో తనకి తెలిసిన ప్రాణి అదొక్కటే. పొద్దున్నే లేచి బిందెలోకి తొంగిచూసి దానితో కబుర్లాడేది. మొగుడేడీ అంటారా? వేటకెళ్ళాడు, అతనితో మనకి పనిలేదు.

రాజుగారు ఒకనాడు అది చూశాడు. అయ్యో, పిల్ల బిందెలో తల దూర్చి మాట్లాడుకుంటోందే అని మనసు కరిగిపోయింది. ఓడ వర్తకులకి చెప్పి పెద్ద గాజుతొట్టి తెప్పించాడు. దానికి బల్ల మాత్రం నా చేత్తో నేనే చేస్తానని కూర్చున్నాడు. వడ్రంగులు ఎంత మొత్తుకున్నా వినలేదు. రంపం పట్టాడు, బాడిస పట్టాడు, అరచేతులు బొబ్బలెక్కాయి, గడ్డం నిండా రంపంపొట్టే. మొత్తానికి బల్లయితే తయారైంది. నాలుగు కాళ్ళూ ఉన్నాయి. ఒక కాలు మాత్రం చింతగింజ మందాన పొట్టి.

తొట్టి ఎక్కించి, నీళ్ళు పోసి, చేపని వదిలారు. ఇంకేముంది, ఒక పక్క నీళ్ళు అంచుదాకా వచ్చాయి, ఇంకో పక్క కిందికి దిగిపోయాయి. ఎలా ఉందని రాజుగారు అడిగాడు. కొలువులో వాళ్ళు ఏంచేశారో తెలుసా? మెడలు పక్కకి వాల్చి, ఆ వాల్చిన మెడల్తోనే చూసి, గీత గీసినట్టుంది మహారాజా అన్నారు. మంత్రి ఇంకో అడుగు ముందుకేసి, బల్ల దివ్యంగా ఉంది, నీళ్ళే ఒరిగాయన్నాడు.

సరే, నీళ్ళు మార్చారు. బావి నీళ్ళు పోశారు, ఒరిగాయి. ఏటి నీళ్ళు పోశారు, ఒరిగాయి. పట్టి దాచిన వాననీళ్ళు పోశారు, అవీ అటే ఒరిగాయి. ఆఖరికి మంత్రి ఎవరూ చూడకుండా, గాజుకీ బల్లకీ మధ్య ఒక మూల కొబ్బరిచిప్ప ముక్క దోపాడు. నీళ్ళు సర్దుకున్నట్టే కనిపించాయి. గాజు మాత్రం కిర్రుమంది.

ఆ కిర్రు చెంగల్వ చెవిన పడింది. వంగి చూస్తే గాజు కింద మూల చిప్పముక్క. అన్ని నీళ్ళ బరువూ ఆ ఒక్క మూల మీదే పడుతోంది, ఇవాళో రేపో తొట్టి భళ్ళుమంటుంది. నిజం చెబితే మామగారికి కష్టం, చెప్పకపోతే గాజుకి కష్టం, గాజు పగిలితే చేపకి కష్టం, చేపకేమన్నా అయితే తనకి కష్టం. పైగా నిన్నగాక మొన్నొచ్చిన కోడలు, మామగారి పనికి వంక పెట్టిందంటే కోటంతా కథలుగా చెప్పుకోరూ? ఊ కొడుతున్నారా, పడుకున్నారా?

అలా ఆలోచించగా ఆలోచించగా ఒక ఉపాయం తట్టింది. రాజుగారి దగ్గరికెళ్ళి, మా పుట్టింట్లో కొత్త బల్ల చేస్తే, చేసినవాళ్ళే ముందు దాని మీద కూర్చుని లేవాలండీ, లేకపోతే అచ్చిరాదు అంది. అలాంటి ఆచారం నేనైతే ఎక్కడా వినలేదు, అప్పటికప్పుడు పుట్టించి ఉంటుంది గడుసుపిల్ల. రాజుగారు మురిసిపోయి, దానికేం భాగ్యం అన్నాడు. చేపని మళ్ళీ బిందెలో వేసి, చెంబులతో నీళ్ళు తోడి, తొట్టి దింపారు.

రాజుగారు ఎక్కి కూర్చున్నాడు. బల్ల టక్కుమంది. ఇటు జరిగాడు, టక్. అటు జరిగాడు, టక్. టక్కు టక్కు టక్కు, కిరీటం ముక్కు మీదికొచ్చేసింది. ఒక్కడు నవ్వితే ఒట్టు, కొలువంతా బిగుసుకుపోయింది. రాజుగారు కిరీటం పైకి తోసుకుని కోడలివైపు చూశాడు.

“నీకు ముందే తెలుసా తల్లీ?”

“తెలుసు మామయ్యగారూ. మీ చేతుల నిండా బొబ్బలు చూసి చెప్పలేకపోయాను.”

ఆయన కాసేపు తన చేతులు చూసుకున్నాడు. తర్వాత నవ్వడం మొదలెట్టాడు. నవ్వుతుంటే బల్ల టక్కుమంటోంది, అది టక్కుమంటుంటే ఇంకా నవ్వొస్తోంది. మంత్రి చప్పున చిప్పముక్క పట్టుకొచ్చి, తొట్టి పెట్టాక గాజు కింద దోపమంటారా అనడిగాడు. చెంగల్వ ఈసారి ఆగలేదు, చటుక్కున చెప్పేసింది.

“గాజు కింద కాదు, కాలి కింద.”

రాజుగారే మోకాళ్ళ మీద వంగి పొట్టి కాలి కింద చెక్కపేడు దోపాడు. కోడలు పళ్ళెంలో నీళ్ళు పోసి బల్ల మీద పెట్టి, ఇంకొంచెం అంది. ఆయన ఇంకో పేడు తోశాడు. ఇంకొంచెం, ఇంకొంచెం, ఆఁ, చాలు చాలు. పళ్ళెంలో నీళ్ళు చుట్టూ సమంగా నిలిచాయి. చెక్క మీద ఎగుడుదిగుడులకి పాత చీరల బొంత మడతపెట్టి పరిచారు, దానిమీద తొట్టి పెట్టారు, బావి నీళ్ళే పోశారు. ఎటూ ఒరగలేదు. చేపని వదిలితే ఈ చివర్నించి ఆ చివరికి రయ్యిన ఈదింది.

రాజుగారు కోడలి తలమీద చెయ్యేశాడు.

“నా బల్ల వంకరని కొలువు చెప్పదమ్మా, ఇంట్లోవాళ్ళే చెప్పాలి. ఈసారి నన్నెక్కి కూర్చోమనకు, నోటితో చెప్పెయ్.”

ఇంట్లోవాళ్ళు అన్నాడు చూశారూ, ఆ మాటకి చెంగల్వకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చేశాయి. అప్పట్నుంచీ పులుసులో ఉప్పు తగ్గినా, రాజుగారు తలపాగా వంకరగా చుట్టినా చెప్పేసేది, ఆయన సర్దుకునేవాడు. మనం చేసింది కాస్త వంకరొస్తే సిగ్గేం లేదర్రా, ఎక్కడ పొట్టో అక్కడ సర్దుకుంటే సరి. కథ కంచి దారి పట్టింది, మీరిక దుప్పట్లో దూరండి.