మడవేర్లలో దారి తప్పిన అల

పిల్లలూ, మీరున్న ఊళ్లో ఉప్పుటేరూ లేదు, ఆ ఉప్పునీటి బురదలో పెరిగే మడచెట్టూ లేదు. అందుకే ఈ కథ మీ చెవిన పడి ఉండదు. చెబుతాను, వినండి.

ఒకప్పుడు మడచెట్లు ఇలా అడ్డదిడ్డంగా ఉండేవి కావు. సముద్రం నుంచి లోపలికి వెళ్లే సన్నటి పాయలో, నాట్లు వేసినట్టు సమానమైన ఎడంతో నిలబడేవి. ఆ వరుస, చెట్లన్నిటికీ తల్లిచెట్టు మడమ్మ పెట్టింది. కొమ్మ మీదే మొలిచిన పిల్లమొక్క నీళ్లలోకి రాలగానే "నీ చోటు అది. పక్కకు జరగకు" అనేది. అది తేలుకుంటూ వెళ్లి అక్కడే నాటుకునేది.

అలకు ఆ వరుసంటే భలే ఇష్టం. ప్రతి చెట్టు దగ్గరా ఒకేలా ఊగుతూ పాయ చివరిదాకా వెళ్లేది. అక్కడున్న ఎర్రపీత మట్టిల్లు కూల్చి వచ్చేది.

"ఏమే, నీకు ఇంకెక్కడా పనిలేదా?" అనేది పీత.

"దారి ఇంత తిన్నగా ఉంటే ఎలా ఆగను పీతత్తా?" అనేది అల.

ఈసారి పీత కడుపు కింద గుడ్లున్నాయి. అవి చిట్లేదాకా ఇల్లు నిలవాలి. దడి కడదామని, మడమ్మ కింద రాలిన పిల్లమొక్కలను ఈడ్చుకెళ్లింది. పీతది పక్కనడక కదా. పాయ పొడవునా ఒకటి ఇక్కడ జారింది, ఇంకొకటి అక్కడ. పడ్డచోటే అవి వేళ్లు దించేశాయి.

మడమ్మ లబోదిబోమంది. "నా పిల్లల్లో ఎవరి పక్కన ఎవరున్నారో నాకే తెలియడం లేదు."

"నాకూ తెలియడం లేదు వదినా. దడి కూడా కాలేదు" అంది పీత.

ఇంతలో పోటు వచ్చింది. అల హుషారుగా పాయలోకి దూరింది. మొదటి వేరు తగిలి కొంచెం వెనక్కి మళ్లింది, మిగతాది ముందుకెళ్లింది. రెండో వేరు మరీ దగ్గర. మూడోది మరీ దూరం. ప్రతిచోటా కొంత వెనక్కి, కొంత ముందుకి. వెనక్కొచ్చిన ముక్కకు ముందుకెళ్లే ముక్క ఎదురైంది.

"ఎవరు నువ్వు?"

"అలను. నువ్వు?"

"నేనూ అలనే. పీత ఇల్లు ఎటు?"

"అటునుంచే వస్తున్నాననుకుంటా. కాదేమో."

చుట్టి వెళ్దామంటే పాయ సన్నం, పక్కకు చోటు లేదు. అల అక్కడక్కడే ఊగుతూ ఉండిపోయింది.

పీత గుమ్మంలో ఎదురుచూసింది. నీళ్లు మెల్లగా పెరిగాయి గానీ అల రాలేదు, ఇల్లు కూలలేదు. గుడ్లు చిట్లి, పిల్లలు ఈదుకుంటూ పోయాయి.

"వరుస సరిచేయమంటావా వదినా?" అంది పీత.

మడమ్మ చాలాసేపు అటూ ఇటూ చూసింది. "ఉండనీ. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియడం లేదు" అంది.

అప్పటినుంచే మడచెట్లు చిందరవందరగా పెరుగుతాయి. వాటి మధ్య సన్నటి పాయలోకి దూరిన అల చివరిదాకా పోదు. దూరిన చోటికి దగ్గర్లోనే, ముందుకో వెనక్కో తేల్చుకోలేక ఊగుతుంటుంది.

మీకు అర్థమైనంతే మీ స్నేహితులకు చెప్పండి. వాళ్లకు తెలుగు రాకపోతే, ఏ భాషలో చెప్పినా సరే.