పనసపండు చెప్పిన సాక్ష్యం

జీడికొండ మీద ఓ కట్టుబాటు ఉండేది. కొండ మొత్తానికి పెద్ద పనసపండు ఏ చెట్టుకి కాస్తే దాన్ని తొలకరి దాకా ఎవరూ ముట్టకూడదు. తొలి వాన పడ్డ రోజున జంతువులన్నీ ఆ చెట్టు కింద చేరాలి, పండు చీల్చి తొనలు పంచుకోవాలి, వానలో తడుస్తూ గంతులెయ్యాలి.

ఆ ఏడు పండు గెడ్డవాగు ఒడ్డున ఉన్న చెట్టుకి, మొదలు దగ్గరే, నేలకి జానెడు ఎత్తున కాసింది. పందిపిల్లంత ఉంది. దానికి కాపలా ఎలుగుబంటి అప్పలకొండ. కాపలాకి జీతమేమీ లేదు గానీ ఒక మర్యాద ఉంది. తొలి పది తొనలూ కాపలాదారువే.

అప్పలకొండ ఒళ్ళెంత బరువో మనసంత తేలిక. ఎవరేమన్నా నవ్వేస్తాడు. ఆ పది తొనల్లో కూడా ఏడెనిమిది పిల్లలకే పంచేస్తాడు.

ఆ మర్యాద మీద నక్క సింహాచలానికి మూడేళ్ళుగా కన్ను. పేరులోనే సింహం, బుద్ధిలో ఆసాంతం నక్కే.

జ్యేష్ఠం దాటుతోంది. పడమట మబ్బులు పట్టాయి. ఇవాళో రేపో వాన అనుకుంటున్న ఓ మధ్యాహ్నం గోరింక రత్తాలు కొండంతా చుట్టి కేకేసింది.

"అయ్యో, పండు పోయిందర్రా! దొంగ పడ్డాడర్రా!"

నీడల్లో కునుకు తీస్తున్న వాళ్ళంతా లేచి పరుగెత్తారు. చెట్టు కింద తొక్కలు, పీచు, నమిలి ఊసిన పిక్కలు. చెమ్మనేల నిండా ఎలుగుబంటి అడుగులు. పెద్ద తొక్కకి అంటుకుని గుప్పెడు నల్లటి వెంట్రుకలు.

అందరికంటే ముందొచ్చినట్టు సింహాచలం అక్కడే నిలబడి తలాడిస్తున్నాడు. "కంచే చేను మేస్తే ఇంకెవరితో చెప్పుకుంటాం? పాపం, మంచివాడే. ఆకలి అంత పనీ చేయిస్తుంది మరి."

అప్పుడే గెడ్డలోంచి నీళ్ళోడుతూ అప్పలకొండ వచ్చాడు. అందరి చూపులూ తన మీదే ఉండటం చూసి ఠక్కున ఆగిపోయాడు.

"ఏమైందిరా?"

"ఏమైందో నువ్వే చెప్పాలి బావా," అన్నాడు సింహాచలం.

"నాకేం తెలుసు? ఎండకి తట్టుకోలేక గెడ్డలో దిగాను. నీళ్ళలో కాస్త నడుం వాల్చాను. అంతే."

"చూసినవాళ్ళున్నారా?"

"నడుం వాల్చడానికి సాక్షులెందుకురా?"

కొండ మీద తగువులు తీర్చేది ముసలి ఎద్దు నందయ్య తాత. పన్నెండేళ్ళు అరక లాగి, పని చెయ్యలేని రోజున కొండెక్కినవాడు. ఆయన అడుగులు చూశాడు, వెంట్రుకలు చూశాడు, బరువుగా ఊపిరి విడిచాడు.

"అప్పలకొండా, నా నోటితో ఈ మాట అనాల్సి వస్తుందనుకోలేదు. కట్టుబాటు నీకు తెలుసు. పొద్దు వాలేలోగా కొండ దిగిపో."

కొండ దిగితే జీడితోటలు. అక్కడ ఎలుగుబంటి కనపడితే మనుషులు కర్రలతో, టపాకాయలతో వెంటపడతారు. అది అందరికీ తెలుసు. అందుకే ఎవరూ ఎవరి కళ్ళలోకీ చూడలేదు.

"తాతా, ఒక్క మాట."

గుంపు వెనక నుంచి ముంగిస పైడమ్మ ముందుకొచ్చింది. పాముల జాడలు తీసి బతికేది. ఎండుటాకు పక్కకి జరిగినా ఎందుకు జరిగిందో చెప్పగలదు.

"తీర్పు చెప్పేశాగా పైడమ్మా?"

"తీర్పు మీరు చెప్పారు, సాక్షిని మాత్రం ఇంకా అడగలేదు."

"సాక్షి ఎవరూ లేరన్నాడుగా!"

"ఉంది. ఈ నేల ఉంది, ఈ తొక్కలున్నాయి. దొంగ వచ్చిన చోట ఏదో ఒకటి వదిలి పోతాడు, ఏదో ఒకటి అంటించుకుని పోతాడు. నాకు ఓ పూట టైమివ్వండి. అప్పలకొండ బావే తిన్నాడని తేలితే ఆ మాటా నేనే చెబుతాను."

"ఇంకా తేలడమేంటి పైడమ్మా?" సింహాచలం చొరవగా తొక్కల దగ్గరికి నడిచాడు. "ఈగలు ముసురుతున్నాయి. ముందు ఇదంతా ఊడ్చి గెడ్డలో పారేద్దాం. పండగ చోటు శుభ్రంగా ఉండాలి."

"అడుగు వేశావంటే ఊరుకోను!" పైడమ్మ బొచ్చు నిక్కబొడుచుకుని రెండింతలైంది. "ఒక్క తొక్క కదిలినా ఒక సాక్షి నోరు మూసినట్టే."

తుమ్మకొమ్మలు లాక్కొచ్చి చెట్టు చుట్టూ కంచె పరిచింది. అందరినీ అవతల నిలబెట్టింది. తను మాత్రం రాళ్ళ మీంచి రాళ్ళ మీదకి దూకుతూ లోపలికి వెళ్ళింది.

ముందు అడుగులు చూసింది. ఒకటి చూసింది, రెండోది చూసింది, పదోది చూసి కిచకిచా నవ్వింది.

"అప్పలకొండ బావా, నీకెన్ని కాళ్ళు?"

"అదేం ప్రశ్న? నాలుగు."

"ఇక్కడ నడిచినవాడికి ఒక్కటే. ముందరి ఎడమ కాలు. ఇరవై రెండు అడుగులున్నాయి, ఇరవై రెండూ అదే. వెనక పాదం పొడుగ్గా, మడమతో మనిషి పాదంలా పడాలి కదా, ఒక్కటైనా ఉందా? నువ్వేమైనా ఒంటికాలి మీద గెంతుకుంటూ వచ్చావా?"

అప్పలకొండ ఒంటికాలి మీద గెంతడం ఊహించుకుని కుందేళ్ళు ముందుగా నవ్వాయి. తర్వాత అందరూ నవ్వారు.

"ఇలా వచ్చి ఈ పక్కన ఓ అడుగు వెయ్యి బావా."

అప్పలకొండ కాలు మోపాడు. చెమ్మనేలలో నాలుగు వేళ్ళ లోతు దిగింది. పక్కనున్న దొంగ అడుగు గోరు లోతు కూడా లేదు.

"చూశారా తాతా? అచ్చు బావదే, బరువు మాత్రం బావది కాదు. ఎవరో బావ అడుగులో బంకమన్ను నొక్కి, అచ్చు తీసి, ఎండబెట్టి ఇక్కడ ముద్రలేశారు. ఆపైన సొంత జాడలు చెరిపేశారు. అదిగో, నేల మీద సన్నటి చారలు. తోకతో ఊడ్చినవి. బావకి ఊడ్చేంత తోక ఏదీ?"

అప్పలకొండ వెనక్కి తిరిగి తన బెత్తెడు తోక చూసుకున్నాడు. తనక్కూడా నవ్వొచ్చింది.

"చారలు కొమ్మతో కూడా పడతాయి," అన్నాడు సింహాచలం. "వెంట్రుకల సంగతేంటి? అవీ అచ్చులేనా?"

"బాగా గుర్తు చేశావు."

పైడమ్మ ఓ గరికపోచని ఉంగరంలా ముడేసి గెడ్డలో ముంచింది. ఉంగరంలో నీటిబొట్టు నిలిచింది. ఆ బొట్టుని వెంట్రుకల మీద పట్టి నందయ్య తాతని వంగి చూడమంది. బొట్టులోంచి వెంట్రుక తాడంత లావుగా కనిపించింది.

"ఓరి నాయనో!" అన్నాడు తాత.

"వీటి మధ్య ఏముంది?"

"బెరడు పొట్టు. మద్దిచెట్టుది. ఇంత సాలీడు గూడు కూడా ఉంది."

"బావ వీపు రుద్దుకునే మద్దిచెట్టు ఎక్కడుంది? కొండకి ఆ కొసన. రాలి, ఎండి, సాలీడు గూడు కట్టినంత పాత వెంట్రుకలివి. ఏరి తెచ్చి పెట్టారు. ఇప్పుడు తొక్క మీది జిగురు చూడండి. నల్లవి పైపైన ఉన్నాయి, ఊదితే లేచిపోతాయి. జిగురు లోపల, పాలు పచ్చిగా ఉన్నప్పుడే దిగబడిపోయినవి మాత్రం పొట్టివి, ఎర్రటివి. ముందు అంటుకున్నది దొంగది. తర్వాత పెట్టింది బావది."

గుంపులో కలకలం. ఎర్రటి ఒళ్ళున్న వాళ్ళంతా పక్కవాళ్ళని చూడటం మొదలెట్టారు.

"నా రంగే ఎర్రనా?" సింహాచలం గొంతు పెంచాడు. "జింక ఎర్రన కాదా? కణుజు ఎర్రన కాదా?"

"నీ పేరు ఎవరెత్తారు?" అంది రత్తాలు కొమ్మ మీంచి. "గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది!"

పైడమ్మ మాత్రం అతని మాట కొట్టెయ్యలేదు. "నిజమే. ఎర్రరంగు పదిమందికి ఉంటుంది. రంగు చూసి నేరం మోపడం అన్యాయం. అందుకే ఇంకొకటి చూద్దాం."

నమిలి ఊసిన పిక్కల్లోంచి ఒకటి తీసింది. దాని మీద పళ్ళ గాట్లు వరసగా ఉన్నాయి. ఎడమ పక్క మాత్రం ఒక గాటు పడాల్సిన చోట నున్నగా ఉంది. మరో పది పిక్కలు తిరగేసింది. అన్నిటికీ అదే ఖాళీ.

"అందరూ వరసలో నిలబడండి. తలా ఓ బంకమట్టి ముద్ద ఇస్తాను. కొరికి ఇచ్చెయ్యండి. మొదటి ముద్ద నాది."

పైడమ్మ కొరికి పక్కన పెట్టింది. ఇక సంబరమే సంబరం. అడవిపంది కొరికితే ముద్ద రెండు ముక్కలైంది. కుందేలు రెండే రెండు గాట్లు పెట్టి సిగ్గుపడింది. నందయ్య తాతకి పైవరస ముందుపళ్ళు లేవన్న సంగతి ఆ రోజే కొండకంతా తెలిసిపోయింది. రత్తాలు దిగొచ్చి ముద్దని టకటకా పొడిచింది.

"నీకు పళ్ళే లేవు, నీకెందుకే?" అంది పైడమ్మ.

"అందరికీ ఇచ్చి నాకు మానేస్తే ఎలా ఒప్పుకుంటాను?"

అప్పలకొండ ముద్దలో పళ్ళన్నీ నిండుగా, పెద్దగా పడ్డాయి. పిక్క మీది గాట్లకి రెండింతలున్నాయి. చివరికి సింహాచలం వంతు వచ్చింది.

"నాకివాళ ఉపవాసం," అన్నాడు.

"మట్టి కొరికితే ఉపవాసం చెడదు మామా."

"నోట్లో పుండు."

"ఉపవాసమా, పుండా? ఒకటి తేల్చుకో."

నందయ్య తాత కొమ్ములు ఊపాడు. సింహాచలం తప్పనిసరై ముద్ద అందుకుని, మూతి వంకర తిప్పి, కుడి పక్కతో కాస్త నొక్కాడు.

"రెండో పక్క కూడా మామా."

అతను కొరుకుతుంటే పైడమ్మ ముక్కు ఎగబీల్చింది. "అబ్బ, ఇప్పనూనె ఘుమఘుమలాడుతోంది! ఒళ్ళంతా అంత నూనె ఎందుకు పట్టించావు?"

"పండగ కదా అని..."

"పనసజిగురు నీళ్ళకి వదలదు, నూనెకే వదులుతుంది. ఈ కొండ మీద పసిపిల్లకి కూడా తెలుసు."

ముద్ద తీసుకుని పిక్క పక్కన పెట్టింది. కిందటేడు తాబేలు మీద ఆశపడి డిప్ప కొరికినప్పుడు అతని ఎడమ కోరపన్ను విరిగింది. ముద్దలో ఆ చోట ఖాళీ. పిక్క మీద ఆ చోటే ఖాళీ. గాటుకి గాటు, సందుకి సందు సరిపోయాయి.

సింహాచలం అటూ ఇటూ చూశాడు. ఒక పక్క తుమ్మముళ్ళ కంచె, మిగతా మూడు పక్కలా గుంపు. పారిపోదామన్నా దారి లేదు.

"సింహాచలం," అన్నాడు తాత, "ఇంకా ఏమైనా చెబుతావా?"

నక్క చెవులు వాల్చేశాడు. "చెప్పడానికేముంది తాతా? అచ్చు పుట్టలో దాచాను. పండు తిన్నంత తిని మిగతాది గెడ్డలోకి తోశాను. అప్పలకొండ వెళ్ళిపోతే కాపలా నాకిస్తారనుకున్నాను. తాడి తన్నేవాడి తల తన్నేవాళ్ళుంటారని మర్చిపోయాను."

పుట్ట తవ్వితే బంకమట్టి అచ్చు దొరికింది. నందయ్య తాత ఒక్కొక్క అడుగే వేసుకుంటూ అప్పలకొండ దగ్గరికి వెళ్ళి, అందరూ చూస్తుండగా తల వంచాడు.

"పన్నెండేళ్ళు కాడి మోసినవాణ్ణి. ఓపిక నా సొత్తనుకున్నాను. ఇవాళ తొందరపడ్డాను. మన్నించు నాయనా."

"మీరలా అనకండి తాతా," అన్నాడు అప్పలకొండ. ఇంతసేపూ ఆపుకున్న ఏడుపు అప్పుడొచ్చింది. వెక్కుతూనే పైడమ్మని ఎత్తి భుజాన కూర్చోబెట్టుకున్నాడు. "కొండ దిగిపొమ్మంటే ఎక్కడికి పోవాలో తెలియలేదమ్మా నాకు."

"దించు బావా, కింద పడతాను!" అంది పైడమ్మ. దిగలేదు మాత్రం.

అప్పలకొండ మాట విన్నాక ఇంకెవరినీ కొండ దించడానికి తాతకి మనసొప్పలేదు, సింహాచలాన్ని వెళ్ళగొట్టలేదు. ఊసిన పిక్కలన్నీ ఏరి కొండవాలంతా నాటాలి, మొక్కలు కాపుకొచ్చేదాకా నీళ్ళు మొయ్యాలి అన్నాడు తాత. నూట నలభై మూడు పిక్కలు లెక్క తేలాయి. లెక్క పెట్టింది రత్తాలు, గట్టిగా.

లెక్క పూర్తయ్యేసరికి పడమట ఉరిమింది. పెద్ద పెద్ద చినుకులు టపటపా రాలాయి. పెద్దపండు పోతే పోయిందని చిన్నచిన్న పనసలు, జీడిమామిడిపళ్ళు, నేరేడుపళ్ళు ఎవరికి దొరికినవి వాళ్ళు మోసుకొచ్చారు. అప్పలకొండకి తొలి పది తొనలూ ఇచ్చారు. అతను ఎప్పట్లాగే పిల్లల చేతుల్లో పెట్టాడు. వానలో అందరూ గంతులేస్తుంటే నందయ్య తాత కూడా మెడగంట మోగించుకుంటూ రెండు గంతులేశాడు.

నక్కకి కూడా ఒక తొన ఇచ్చారు. దాని వాసన తగలగానే పందిపిల్లంత పండులో పట్టినంత తిన్న కడుపు గుడగుడలాడింది. సింహాచలం మూతి గట్టిగా మూసుకుని పొదల్లోకి పరుగే పరుగు!

నీతి: చూసినవాడు లేడని దొంగ ధీమా పడొచ్చు గానీ, ఓపిగ్గా అడిగేవాళ్ళుంటే మట్టీ మాట్లాడుతుంది, వెంట్రుకా సాక్ష్యం చెబుతుంది.