పోలవ్వ పాతిన గెడలు

అనగనగా మేఘగిరి అనే రాజ్యం. ఆ రాజ్యంలో మాచన అనే పడుచువాడు. ఈ కథ మొదలయ్యే నాటికి అతని చేతిలో నూరు వరహాల సంచి, అతని ముందు ముప్పై రోజుల గడువు ఉన్నాయి. ఆ రెండూ రాజుగారు ఇచ్చినవే.

ఎందుకిచ్చారో వినండి.

చంద్రకేతు మహారాజు ఒకనాడు నిండు సభలో ఇలా అన్నాడు. "యుద్ధం గెలిచినవాడికి గండపెండేరం తొడుగుతున్నాం. పద్యం చెప్పినవాడిని పల్లకి ఎక్కిస్తున్నాం. జీతం బత్తెం లేకుండా బతుకంతా పదిమంది కోసం పాటుపడ్డవాళ్ళకు ఏం చేస్తున్నాం? అటువంటివాళ్ళలో అందరికన్నా గొప్పవారిని వెతికి తీసుకురండి. ఏనుగు మీద ఊరేగిస్తాను."

మంత్రులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరిని తెస్తే ఎవరికి కోపమో! అప్పుడు వెనక వరసలోంచి మాచన ముందుకొచ్చాడు. అతను కోటలో ధాన్యం కొలిపించే చిన్న ఉద్యోగి. లెక్కల్లో మెరిక. పిలవకపోయినా పనికి ఎదురెళ్ళే రకం.

"ఆ పని నాకు అప్పగించండి మహారాజా. ధాన్యాన్ని కొలిచినట్టే సేవనూ కొలిచి చూపిస్తాను" అన్నాడు.

మహారాజు నవ్వాడు. "సరే. సరైన మనిషిని తెస్తే ఆస్థాన గణకుడి పదవి నీదే. పొరపాటు చేశావో, ఉన్న ఉద్యోగం కూడా ఊడుతుంది. సమ్మతమేనా?"

"సమ్మతమే" అన్నాడు మాచన, ఊపిరి తిప్పుకోకుండా.

మొదట అతను రత్నాకరయ్య అనే వర్తకుడి ఇంటికి వెళ్ళాడు. ఆయన దానధర్మాల గురించి ఊరంతా చెప్పుకుంటారు. ఊరికన్నా ముందు ఆయనే చెప్పుకుంటాడు.

"రోజుకు వెయ్యి మందికి అన్నం పెడుతున్నాను బాబూ. ఇరవై ఏళ్ళుగా!" అన్నాడు రత్నాకరయ్య.

మాచన దొడ్లోకి తొంగి చూశాడు. పట్టుమని పదిహేను ఎంగిలి విస్తళ్ళు కనపడలేదు.

"మరి నిన్నటి విస్తళ్ళు ఏవండీ?"

"నిన్న... నిన్న ఏకాదశి కదా! అందరూ ఉపవాసం."

"నిన్న చవితి రత్నాకరయ్యగారూ."

వర్తకుడు నీళ్ళు నమిలాడు. మాచన దండం పెట్టి, "పదిహేను మందికి పెట్టినా పుణ్యమే. వెయ్యి అని చెప్పకుండా ఉంటే ఇంకాస్త పుణ్యం" అని లేచి వచ్చేశాడు.

తర్వాత అతను మంత్రసాని సుంకులమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఆమె ఒక పురుడు పోసినప్పుడల్లా నులక తాడుకు ఒక ముడి వేస్తుంది. మాచన పొద్దున కూర్చుని మధ్యాహ్నం దాకా ముడులు లెక్కపెట్టాడు. రెండు వేల మూడు వందల పదకొండు!

"అమ్మా, ఇక వెతకనక్కర్లేదు. ఏనుగెక్కేది నువ్వే!" అన్నాడు సంబరంగా.

సుంకులమ్మ పకపకా నవ్వింది. "ఏనుగెక్కడానికి నా మోకాళ్ళు ఒప్పుకోవద్దూ! చూడు నాయనా, ఈ ముడుల్లో సగం ఏటికి అవతలి ఊళ్ళవి. వానాకాలంలో ఏట్లో దిగి, నడిచి దాటి వెళ్ళి పోసిన పురుళ్ళు. నన్ను దాటించినవాళ్ళను వదిలేసి నన్ను లెక్కేస్తావేం? వెదురుపాడు రేవుకి పో."

అలా మూడోసారి మాచన ఏటి దారి పట్టాడు.

ఆ ఏటికి నడిచి దాటే రేవులు మూడు ఉన్నాయి. ఏట్లో మునిగిపోయినవారి పేరున, ఆ సంవత్సరం చెక్కిన ఒక రాయిని ఒడ్డున నిలబెట్టడం అక్కడి ఆచారం. పై రేవులో గత నలభై ఏళ్ళవి మాచన లెక్కపెట్టిన రాళ్ళు అరవై ఒకటి. కింది రేవులో నలభై ఎనిమిది. నడుమనున్న వెదురుపాడు రేవులో రెండుసార్లు వెతికాడు. కొన్ని పాతరాళ్ళు నాచు పట్టి ఉన్నాయి గాని, నలభై ఏళ్ళుగా నిలబెట్టిన రాయి ఒక్కటీ లేదు.

అక్కడ ఏటికి అడ్డంగా వెదురు గెడలు వరసగా పాతి ఉన్నాయి. ఒక్కో గెడకు ఒక తెల్లగుడ్డ పీలిక. జనం గెడల వెంబడే మోకాలి లోతులో నడిచి వస్తున్నారు. ఒడ్డు చేరిన ప్రతివాడూ చివరి గెడను తాకి, "దాటాం పోలవ్వా!" అని కేకవేస్తున్నాడు. ఒడ్డు మీది గుడిసెలోంచి, "మంచిది, పోయిరా!" అని జవాబు వస్తోంది.

మాచన గుడిసెలోకి వెళ్ళాడు. డెబ్బై ఏళ్ళ ముసలమ్మ వెదురు చెక్కుతూ కూర్చుని ఉంది.

"అవ్వా, ఈ గెడలు నువ్వేనా పాతేది?"

"ఏం, వంకరగా ఉన్నాయా?"

"లేదవ్వా. ఎందుకు పాతుతున్నావు?"

"ఏటి అడుగున ఇసుక ఒక్కచోట ఉండదు నాయనా. కొత్తనీరు వచ్చినప్పుడల్లా గట్టినేల ఊబి అవుతుంది, ఊబి గట్టినేల అవుతుంది. నిన్నటి దారి ఇవాళ అబద్ధం. అందుకని దిగి, మడమతో తడిమి చూసి, గట్టిచోట మళ్ళీ గెడ పాతుతాను. నలభై రెండేళ్ళయింది."

"ఎవరు పెట్టారు నిన్ను ఈ పనికి?"

"ఎవరు పెడతారు? నా గుడిసే ఏటికి దగ్గర. అందుకని నేనే దిగాను."

మాచన కళ్ళు చెమర్చాయి. "నలభై ఏళ్ళలో పై రేవున అరవై ఒక్క రాళ్ళు, కింద నలభై ఎనిమిది, ఇక్కడ సున్నా. ఇంత గొప్ప అంకె నేనెప్పుడూ చూడలేదవ్వా."

"లెక్కలోడిలా ఉన్నావు, సున్నా గొప్పేంట్రా? ఖాళీయేగా!"

"ఆ ఖాళీలో యాభై మంది బతికి ఉన్నారవ్వా. వాళ్ళ పిల్లలు, పిల్లల పిల్లలు ఉన్నారు."

పోలవ్వ వెదురు చెక్కుతూ ఉండిపోయింది. మాచన రాజుగారి సన్మానం సంగతి చెబితే మాత్రం వద్దంటే వద్దంది. చివరికి ఊరివాళ్ళు బతిమాలితే, "ఒక్క పూట వస్తాను. కాని ఎగువన మెరిసిందా, మధ్యలోనే లేచిపోతాను. ఆ మాట మీ రాజుగారితో ముందే చెప్పు" అంది.

మాచన వేళ్ళ మీద లెక్కవేసుకున్నాడు. వానలకు ఇంకా పన్నెండు రోజులుంది, సన్మానం ఆలోగానే అయిపోతుంది. ఆ మాట చెప్పి రాజుగారిని చిన్నబుచ్చడమెందుకు? చెప్పలేదు.

సన్మానం రోజు రానే వచ్చింది. నూరు వరహాలూ పందిళ్ళకీ పూలకీ మేళాలకీ కర్చయిపోయాయి. రాజుగారు స్వయంగా పోలవ్వ కాళ్ళు కడిగి, పట్టు దిండు మీద పెట్టించాడు. జరీ శాలువా చేతిలోకి తీసుకున్నాడు. సరిగ్గా అప్పుడు ఏటికి ఎగువన, పడమటి కొండల మీద తళుక్కుమని మెరిసింది.

పోలవ్వ దిగ్గున లేచింది.

"కూర్చో ముసలమ్మా! రాజుగారు శాలువా కప్పకుండా లేవడం అపచారం" అని గద్దించాడు దండనాయకుడు.

"ఇవాళ సంత, బాబూ! జాము తిరక్కుండా కొత్తనీరు వస్తుంది. నా గెడలు నమ్మి జనం ఏట్లో దిగుతారు" అంది పోలవ్వ.

అందరూ రాజుగారి వైపు చూశారు. మాచన ముందు రెండే దారులు. నోరు విప్పితే ఉద్యోగం పోతుంది. విప్పకపోతే ఒడ్డున రాళ్ళు లేస్తాయి. అతను సభ మధ్యకు వచ్చి చేతులు జోడించాడు.

"తప్పు నాది మహారాజా. మెరిస్తే లేచిపోతానని అవ్వ ముందే చెప్పింది. నేను మీకు చెప్పలేదు. ఏ పని చేసిందని పొగుడుతున్నామో, ఆ పనికే అడ్డం కూర్చున్నాం. ఆమెను పంపించండి."

మహారాజు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "రథం కట్టండి!" అన్నాడు.

వాళ్ళు రేవు చేరేసరికి ఏరు ఎర్రబారింది. సంతకు పోయే జనం గెడల వెంట వరసగా నడుస్తున్నారు. ముందు ఒక ఎడ్లబండి.

"ఆగండ్రా! వెనక్కి రండి!" అని అరిచింది పోలవ్వ.

"గెడలున్నాయిగా అవ్వా!" అని నవ్వుతూ కేకవేశాడు బండివాడు. మరుక్షణం బండి ఎద్దు ఒకటి మెడ దాకా దిగబడింది.

పోలవ్వ నీళ్ళలోకి దూకింది. మొదటి గెడను రెండు చేతులా పట్టి పెరికి పారేసింది. తను పాతినదాన్ని తనే పెరకడం చూసి జనానికి విషయం అర్థమైంది. గబగబా వెనక్కి తిరిగారు. మాచన నడుముకు తాడు కట్టుకుని బండి దాకా వెళ్ళాడు. ఒడ్డున రాజుగారితో సహా అందరూ తాడు లాగారు. ఎద్దులు బయటపడ్డాయి, మనుషులు బయటపడ్డారు. ఆ రోజూ ఒడ్డున రాయి లేవలేదు.

పోలవ్వ మాత్రం మూడో గెడ పెరకలేక, దాన్నే పట్టుకుని నిలబడిపోయింది. మాచన ఆమెను చేయి పట్టి ఒడ్డుకు తెచ్చాడు. రాజుగారు శాలువా కప్పబోతే ఆమె తల అడ్డంగా ఊపింది.

"నలభై రెండేళ్ళలో ఎన్నడూ భయపడలేదు మహారాజా. ఇవాళ భయమేసింది. నేనొక్క పూట లేకపోతే ఈ రేవు ఇంతేనా?"

మహారాజు శాలువా మడిచి పక్కన పెట్టాడు.

ఆ పైన మాచన వైపు తిరిగాడు. "మాట దాచావు, కాని అందరి ముందూ ఒప్పుకున్నావు. మనిషిని మాత్రం సరిగ్గానే వెతికావు. గణకుడి పదవి నీదే. రేపే వచ్చి చేరు."

"చేరతాను మహారాజా. కాని రేపు కాదు. ఈ వానాకాలం అయ్యాక" అన్నాడు మాచన.

పొద్దు వాలేసరికి ఏటి ఉరవడి తగ్గింది. మాచన పంచె ఎగ్గట్టాడు. ఒడ్డున పడి ఉన్న గెడ ఒకటి భుజానికెత్తుకున్నాడు. అతని వెనక బండివాడు ఒక గెడ అందుకున్నాడు. ఆ వెనక ఇంకొకడు.

"చెప్పులు విప్పు, గణకుడుగారూ" అని నవ్వింది పోలవ్వ. "కళ్ళతో కాదు, మడమతో చూడాలి. నీరు తీసింది, ఊ, కుడికాలు ముందు."

మాచన చెప్పులు విప్పి, ఎర్రనీటి మీదికి కుడికాలు ఎత్తాడు.

బతుకంతా పదిమందికి దారి చూపినవారిని ఊరేగిస్తే అది ఒక్క పూట సన్మానం. వారి పనికి మన చేయి కలిపితే అది నూరేళ్ళ సన్మానం.