కొక్కెం మీద బరువు

కారు వెనుక తగిలించి లాక్కెళ్ళడానికి నాగభూషణం కట్టిన చక్రాల గది, వేగం నలభై దాటగానే తోక ఊపేది. సముద్రానికని రెండుసార్లు బయలుదేరి, రెండుసార్లూ సదాశివపేట చేరకముందే అతడు జహీరాబాదుకు వెనుదిరిగాడు. టైర్లు మార్చాడు. అతుకులన్నీ మళ్ళీ వెల్డింగు చేశాడు. మూడోసారి కూడా అదే జరిగినప్పుడు ఇంటికి వెళ్ళలేదు. మంజీర ఒడ్డున తన గురువు ఉండే మఠం ముందు కారు ఆపి, స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచి కూర్చున్నాడు.

వంటశాల నుంచి బాలమణి తొంగి చూసింది. ఇరవై ఏళ్ళుగా మఠానికి వండిపెడుతున్న మనిషి.

"భూషణం, అప్పుడే సముద్రం చూసొచ్చినవా?"

"లేదక్కా."

"పోనీ ఉప్పైనా తెచ్చినవా? ఇంట్ల నిండుకున్నది."

నాగభూషణానికి నవ్వు రాలేదు. అప్పటికే గురువు కాళయ్య స్వామి ఆ చక్రాల గది చుట్టూ తిరుగుతున్నాడు. కాషాయం కట్టకముందు ఆయన నలభై ఏళ్ళు ఎడ్లబండ్లు చేసిన వడ్రంగి. ఇప్పటికీ ఆయన చేతిలో జపమాల కంటే బాడిసే ఎక్కువగా కనిపిస్తుంది.

గదిలో కొత్తగా కొన్న వస్తువు దాదాపు లేదు. ఇరుసు తుక్కు దుకాణంలో దొరికిన పాత కారుది. కిటికీ రద్దయిన బస్సుది. గోడలు మూతపడిన మందుల దుకాణపు అలమరాల చెక్క. ఒక పలక మీద 'దగ్గు, జలుబు' అన్న అక్షరాలు ఇంకా చెరగలేదు. వాన దిగకుండా రేకు కింద ఒక ఫ్లెక్సీ పరిచి ఉంది. పడుకున్నవారికి అందులోని పెద్దమనిషి చేతులు జోడించి పైనుంచి నవ్వుతూ కనిపిస్తాడు.

స్వామి పరుపు మీద వెల్లకిలా పడుకొని ఆ నవ్వును చూశాడు.

"ఎవరీయన?"

"తెల్వదు స్వామీ. ఎన్నికలైనంక చౌరస్తాల దొరికింది."

"గెలిచిండా?"

"ఓడినట్టున్నడు."

"అయినా నవ్వుడు ఆపలె. మంచి తోడే దొరికిండు నీకు."

ఈ గది ఆలోచన నాగభూషణం భార్య చంద్రకళది. పరాయి చాప మీద ఆమెకు నిద్ర పట్టేది కాదు. 'ఇల్లు వెంట గుంజుకపోతే సముద్రం దాకనైనా వస్త' అనేది. ఒక పెళ్ళిపత్రిక వెనుక పెన్సిలుతో బొమ్మ కూడా గీసింది. అందులో ముందు గోడకు, తలుపు కంటే పెద్ద కిటికీ ఉంది. రెండేళ్ళ క్రితం ఆమె పోయింది. నాగభూషణం ఆ బొమ్మలో ఒక గీత కూడా మార్చకుండా గదిని కట్టాడు.

స్వామి లేచి, వెనుక మూలన ఉన్న తెర తొలగించాడు. అక్కడొక నీలిరంగు ట్రంకుపెట్టె ఉంది.

"ఇది?"

"చంద్రకళది."

"బరువుందా?"

"ఇద్దరు పట్టాలె."

"మరి ఇంత దూరం ఎనకకు నూకినవేంది?"

"ఇంటికాడ ఇడిచిపెట్ట మనసొప్పలె. బండి నడిపేటప్పుడు అద్దంల కనబడితే తట్టుకోలేను. అందుకని."

స్వామి తెరను మళ్ళీ యథాప్రకారం సరిచేశాడు.

గదిని కారుకు తగిలించే కొక్కెం దగ్గరకు వచ్చేసరికి మాత్రం శిష్యుడి ముఖంలో కొంత వెలుగు వచ్చింది. దానిని కారు నుంచి విడదీసి, గది ముందు కొసను చిటికెన వేలితో పైకి లేపి చూపాడు. "చూడున్రి స్వామీ. కారు మీద తులం బరువు పడది. ముప్పై ఏండ్ల వెల్డింగు పనితనం ఇది. అయినా తోక ఊపుతున్నది. ఇయ్యాల తేలకపోతే అమ్మేస్త. టీ కొట్టు పెట్టుకుంటనని ఒకాయన అడుగుతుండు."

"అమ్ముదువుగాని. ముందు ఆ నీళ్ళబండి తీయి."

మఠపు నీళ్ళబండి రెండు చక్రాలది. మనిషి ముందు నిలబడి, రెండు చేతికర్రలు పట్టుకొని లాగాలి. స్వామి నీళ్ళడ్రమ్మును దాని వెనుక అంచుకు జరిపించాడు. తానూ ఆ అంచునే ఎక్కి, కాళ్ళు వేలాడేసి కూర్చున్నాడు.

"నది దాక పద."

చేతికర్రలు తేలికగా ఉన్నాయి. ఎంత తేలిక అంటే, దారిలోని ప్రతి రాయికీ బండి తనకు తోచిన దిక్కుకు తిరిగింది. నాగభూషణం ఎడమకు లాగితే అది కుడికి ఊగింది. చిన్న గతుకు వచ్చింది. చేతికర్రలు ఒక్కసారిగా పైకి లేచాయి. వాటిని వదలని నాగభూషణం కూడా వాటితోపాటు లేచి, కాళ్ళు నేలకు ఆనకుండా వేలాడాడు. వెనుకవైపు డ్రమ్ము దొర్లిపోయింది. స్వామి మట్టికి ఆనిన వెనుక అంచు మీదే కూలబడ్డాడు.

వంటశాల గుమ్మంలో బాలమణి పొట్ట పట్టుకుంది. "నువ్వు బండిని గుంజుతున్నవా, బండి నిన్ను దండెం మీద ఆరేసిందా?"

ఆ మాటకు ముందుగా నవ్వినవాడు స్వామి. ఆయన పంచె నిండా దుమ్ము. పైన వేలాడుతూనే నాగభూషణమూ నవ్వాడు. రెండేళ్ళుగా బాలమణి ఆ నవ్వు వినలేదు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకొని లోపలికి వెళ్ళిపోయింది.

స్వామి లేచి, బండిని దించి, డ్రమ్మును ఇరుసుకు ముందుగా పెట్టించాడు. తాను దానికంటే మూరెడు ముందుకు జరిగి కూర్చున్నాడు.

"ఇప్పుడు పద."

ఈసారి చేతికర్రలు నాగభూషణం అరచేతుల్లో కూర్చున్నాయి. అవే రాళ్ళు, అదే గతుకు. బండి పక్కకు చూడకుండా అతని వెంట నీటి అంచు దాకా వచ్చింది.

స్వామి దిగి, మంజీర నీళ్ళతో కాళ్ళు కడుక్కున్నాడు.

"చేతుల మీద బరువుందా బిడ్డా?"

"ఉన్నది స్వామీ."

"ఇడిచిపెట్టాలనిపించెటంతనా?"

నాగభూషణం తన అరచేతులు చూసుకున్నాడు. "కాదు."

"అయితే సముద్రానికి పో."

డ్రమ్ము నింపుకొని వాళ్ళు మఠానికి తిరిగి వచ్చారు. నాగభూషణం గదిలోకి వెళ్ళి తెర తొలగించాడు. ఎవరూ పిలవకుండానే బాలమణి వచ్చి పెట్టెకు రెండో పిడి పట్టుకుంది. ఇద్దరూ దానిని ముందు గోడ దాకా మోసి, పెద్ద కిటికీ వద్ద ఉన్న బల్ల మీద పెట్టారు. నాగభూషణం కొక్కెం తగిలించడానికి వంగాడు. ఇప్పుడది చిటికెన వేలికి లొంగలేదు. రెండు చేతులూ పెట్టి లేపవలసి వచ్చింది.

బాలమణి ఒక ఖాళీ ఉప్పు జాడీ తెచ్చి కారులో పెట్టింది. "ఈసారన్న ఉత్తచేతుల రాకు."

కారు పెద్ద రోడ్డెక్కింది. ముల్లు నలభైని తాకింది. నాగభూషణం యాక్సిలరేటరు మీద కాలు తీయలేదు. నలభై ఐదు. యాభై. స్టీరింగు అతని చేతుల్లో నిమ్మళంగా ఉంది.

అప్పుడతడు అద్దంలోకి చూశాడు. కిటికీ నిండా నీలం.