తేదీలు తీసేసిన కాగితం

గుంటూరుకు కాస్త ఎడంగా ఉన్న ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో విహారి అనే కంప్యూటర్ ఉద్యోగి ఉండేవాడు. తెలివికి లోటు లేదు గానీ, చేసిన పనిని మరోసారి చూసుకోవడమంటే అతనికి నామోషీ.

"ఒకసారి చేశాక మళ్లీ చూడటం దేనికి? చేతకానివాళ్లు చూసుకోవాలి" అనేవాడు. అతని పై అధికారి భ్రమరాంబ గారు ఆ మాట విని నవ్వి ఊరుకునేవారు. యాభై దాటిన ఆవిడ ఏ పనైనా రెండుసార్లు సరిచూడందే వదిలేవారు కాదు. విహారి దానికి చాదస్తమని పేరు పెట్టాడు.

జూన్ నెలలో మూడో గది తలుపులు తీసేసరికి మిర్చి బస్తాలకు బూజు పట్టి ఉంది. రైతులు నమ్మి దాచుకున్న బస్తాలవి. యజమాని కోదండపాణి గారు అగ్గిమీద గుగ్గిలమయ్యారు.

"గదిలోకి వేడి ఎట్లా వచ్చింది? ఎవరి వల్ల వచ్చింది? సాయంత్రంలోగా నాకు తెలియాలి" అన్నారు.

భ్రమరాంబ గారు ఆ రోజు సెలవులో ఉన్నారు. పని విహారి మీద పడింది.

అక్కడి యంత్రాలు జరిగిన ప్రతి సంగతినీ ఎప్పటికప్పుడు కంప్యూటర్లో రాసిపెడతాయి. గదిని చల్లబరిచే కంప్రెసరుది ఒక ఫైలు, ఆ కంప్రెసరు వేడెక్కకుండా చూసే నీళ్ల పంపుది ఇంకో ఫైలు, గది వేడిది మరొకటి. ప్రతి లైనులోనూ ముందు తేదీ, తర్వాత టైము, ఆ తర్వాత సంగతి. విహారి మూడు ఫైళ్లనూ కలిపి 'సార్ట్' అని ఒక్క మాట కొట్టాడు. రెప్పపాటులో వేల లైన్లు వరుసలో నిలబడ్డాయి. వాటిలో మూడో గదికి సంబంధించి హెచ్చరిక గుర్తున్నవి మూడే. వాటిని ఏరి, కాగితం చూడముచ్చటగా ఉండాలని తేదీలు తీసేసి, టైములు మాత్రం ఉంచాడు. ఆ తేదీలేమిటో కన్నెత్తి కూడా చూడలేదు. సార్ట్ చేశాక ఇంక చూసేదేముందని అతని ధీమా.

కాగితం మీద ఇలా ఉంది: ఉదయం 6:10, కంప్రెసర్‌ను చేత్తో ఆపారు. సాయంత్రం 4:20, నీళ్ల పంపు ఆగింది. సాయంత్రం 5:05, గదిలో వేడి పెరిగింది.

యజమానికి అది ఒకే రోజు జరిగిన కథలా కనబడింది. వెంటనే మస్తాన్ వలీని పిలిపించారు. మస్తాన్ ఇరవై రెండేళ్లుగా ఆ యంత్రాలు చూస్తున్న ఆపరేటరు. శబ్దం విని ఎక్కడ తేడా వచ్చిందో చెప్పగలిగిన మనిషి.

"పొద్దున్నే కంప్రెసర్ ఆపింది నువ్వేనా?"

"నేనేనండి. అప్పటికే పంపు ఆగిపోయి, కంప్రెసర్ కాలిపోతా ఉంది. ఆపకపోతే మిషనే పోయేది. పంపు నేనే బాగుచేసి మళ్లీ వేశా. బాగయిపోయిందిగా అని మీకు చెప్పలేదు."

"సాయంత్రం ఆగిన పంపు నీకు పొద్దున్నే ఎట్లా కనబడింది?"

మస్తాన్ తెల్లబోయాడు. "ఏ తేదీయో గుర్తులేదండి. మన హమాలీలు ఎర్రజెండా ఎగరేసిన రోజు. అది మాత్రం బాగా గుర్తుంది."

"జెండాల కబుర్లు నాకొద్దు. ఉన్నట్టుండి మిషన్ ఆపి అంతా పాడుచేశావు. రేపటి నుంచి రావద్దు" అన్నారు కోదండపాణి గారు.

విహారి అక్కడే ఉన్నాడు. మనసు కాస్త చివుక్కుమంది. కాగితం అబద్ధం చెప్పదు కదా అని సర్దిచెప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున భ్రమరాంబ గారు వచ్చేసరికి, గేటు దగ్గర మస్తాన్ తన పానాలన్నీ సంచిలో సర్దుకుంటున్నాడు. ఆవిడ ఆగి, సంగతంతా అడిగి తెలుసుకున్నారు. "మీరు ఇక్కడే కూర్చోండి మస్తాన్ గారూ, వెళ్లకండి" అని చెప్పి, నేరుగా విహారి దగ్గరికి వచ్చారు.

"ఈ కాగితంలో తేదీలేవి బాబూ?"

"అవసరం లేదనిపించింది మేడమ్. సార్ట్ చేశాను కదా."

"హమాలీలు జెండా ఎగరేసేది ఎప్పుడు?"

"మే ఒకటిన."

"అంటే పంపు ఆగింది ఆ ముందురోజు సాయంత్రం అయి ఉండాలి. ఏప్రిల్ ముప్పై ముందా, మే ఒకటి ముందా?"

"ఏప్రిల్ ముప్పయ్యే."

"మరి కంప్యూటర్లో నీ వరుస తీసి, ఏది ముందుందో చూడు."

విహారి చూశాడు. మే ఒకటి పైన ఉంది. ఏప్రిల్ ముప్పై ఎక్కడో అడుగున ఉంది.

"కంప్యూటర్ తప్పు చేసిందా మేడమ్?"

"పాపం, దాని తప్పేముంది? ప్రతి లైనూ రోజుతో మొదలైంది. ఒకచోట సున్నా ఒకటి, ఇంకోచోట మూడు సున్నా. అది అంకెలే చూసింది. సున్నాను ముందు పెట్టింది, మూడును వెనక పెట్టింది. ఏప్రిల్ వెళ్లాకే మే వస్తుందని దానికి నువ్వు చెప్పాలి."

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ముందుగా సంవత్సరం చూడు, అది ఒకటే అయితే నెల చూడు, నెలా ఒకటే అయితే రోజు, చివరికి టైము అని అదే సార్ట్‌కు ఒక్క లైనులో విడమరిచి చెప్పారు. ఆ లైనులో ఒక్క అక్షరం ఎక్కువ లేదు, తక్కువ లేదు. విహారి ముచ్చటపడి చూస్తూ ఉండిపోయాడు.

పని అయిపోయిందనుకుని అతను లేవబోయాడు. ఆవిడ లేవలేదు. మార్చి పోయి ఏప్రిల్ వచ్చేచోట, ఏప్రిల్ పోయి మే వచ్చేచోట, మే పోయి జూన్ వచ్చేచోట వరుస సరిగ్గా అతికిందో లేదో వేలు పెట్టి చూశారు. తాను ఇన్నాళ్లూ చాదస్తమని నవ్వింది దీన్నే కదా అని విహారికి సిగ్గేసింది.

అసలు కథ ఇప్పుడు బయటపడింది. ఏప్రిల్ ముప్పై సాయంత్రం, ఆపరేటర్లు ఇళ్లకు వెళ్లాక పంపు ఆగింది. గదిలో వేడి పెరిగింది. హెచ్చరిక గంట ఎందుకు మోగలేదా అని వెళ్లి చూస్తే, దాని తీగను ఎలుకలు కొరికేసి ఉన్నాయి. మర్నాడు పొద్దున్నే డ్యూటీకి వచ్చిన మస్తాన్ కంప్రెసర్‌ను ఆపి కాపాడాడు.

"కాగితం నువ్వే తీసుకెళ్లు. ఈసారి తేదీలతో" అన్నారు భ్రమరాంబ గారు.

కోదండపాణి గారు చదివి, లేచి, గేటు దాకా నడిచి వెళ్లారు. "నన్ను మన్నించు మస్తాన్. నువ్వు చెప్తుంటే వినలేదు. లోపలికి రా" అని సంచి తన చేత్తో అందుకున్నారు. వెనకే వచ్చిన విహారి మస్తాన్ ఎదుటికి వెళ్లి నిలబడ్డాడు.

"తప్పు నాదే మస్తాన్ గారూ. రెండోసారి చూసుకోలేదు."

మస్తాన్ అతని భుజం తట్టాడు. "పర్లేదు బాబూ. మిషన్ శబ్దం కూడా ఒక్కోసారి మోసం చేస్తది. అందుకే విన్నాక, చెయ్యి పెట్టి కూడా చూస్తా."

శబ్దం విని జబ్బు చెప్పే మనిషి కూడా రెండోసారి చూసుకుంటాడన్నమాట! విహారి ఆ మాట మరిచిపోలేదు. ఆ రోజే భ్రమరాంబ గారితో కూర్చుని, యంత్రాలన్నీ ఇకమీదట సంవత్సరం ముందు, ఆపైన నెల, ఆపైన రోజు రాసేలా మార్చాడు. మార్చాక, ఎవరూ చెప్పకుండానే మరోసారి సరిచూశాడు.

నీతి: ఏది ముందు జరిగిందో, ఏది వెనక జరిగిందో రెండుసార్లు సరిచూసుకోకుండా ఎవరి మీదా తప్పు మోపకూడదు, తన పనిని తానే మళ్లీ చూసుకోవడం చేతకానితనం కాదు, పనితనం.