నంబరు లేని జాబితా

పొద్దున్నే ఆ పుస్తకం కంటపడిందంటే కంబగిరికి రోజంతా చేదుగా ఉండేది.

ఆశ్రమంలోని పత్రాల గదికి వచ్చిపోయేవాళ్ళు తమ మాట రాయడానికి పెట్టిన పుస్తకం అది. దారంతో పెన్సిలు కట్టి, గది బయట మేకుకు తగిలించి ఉంటుంది. పెట్టించింది ఆశ్రమం నడిపే గురువమ్మ. కింద జవాబులు రాసే పని కంబగిరికి అప్పగించిందీ ఆమే. అప్పగించి ఏడాదైంది. ఏం రాస్తున్నాడని ఒక్కసారీ అడగలేదు.

కంబగిరి ఎర్ర సిరాతో రాసేవాడు.

"తాగడానికి నీళ్లు లేవు" అని ఎవరో రాస్తే, దాని కింద: "ఇది పత్రాల గది. చలివేంద్రం కాదు."

"కూర్చునే చోటు లేదు. రెండు గంటలు ఎండలో నిలబడ్డాం." దాని కింద: "నిజంగా పని ఉన్నవారికి కాళ్ల నొప్పి తెలియదు."

"మూడుసార్లు తిరిగాను." దాని కింద: "నాలుగోసారి కూడా రావచ్చు. తలుపు తీసే ఉంటుంది."

సాయంత్రం పూట మిగతా శిష్యులు ఆ జవాబులు పైకి చదువుకుని నవ్వేవాళ్ళు. అప్పుడు కంబగిరి తల వంచుకుని, పనిలో మునిగినవాడిలా కూర్చునేవాడు. చెవులు మాత్రం అటే ఉండేవి.

నిజానికి ఆ గదిలో ఉన్నవి ఆశ్రమం కాగితాలు కావు. జనానివి. ఎప్పుడో ఏరు పొంగి పదకొండు ఊళ్ళు మునిగిన ఏడు, గింజలకంటే ముందు కాగితాలు నెత్తిన పెట్టుకుని ఈ మెట్ట ఎక్కారు వాళ్ళు. దానపత్రాలు, భాగాల కాగితాలు, ఇనాం పట్టాలు. గురువమ్మకు గురువైన పెద్దాయన వాటిని ఒక్కొక్కటే ఆరబెట్టి దాచాడు. నీళ్లు తీశాక కొందరు పట్టుకుపోయారు. చాలామంది "ఈడే ఉండనీ సామీ, మా కొంపలకన్నా ఇదే మెరక" అని వదిలేశారు.

ఒకప్పుడు ఎవరొచ్చి ఊరిపేరూ తాతపేరూ చెప్పినా, చేయి ఖాళీగా ఉన్న శిష్యుడు లోపలికి వెళ్ళి వెతికి ఇచ్చేవాడు. కట్టలు కలగాపులగమయ్యేవి. చెదలు పట్టేవి. కంబగిరి వచ్చాక పద్ధతి వచ్చింది. తొమ్మిదేళ్ళు కూర్చుని రెండువేల ఆరువందల పద్నాలుగు కట్టలకు నంబర్లు వేశాడు. ఏ నంబరులో ఏముందో లావుపాటి జాబితా రాశాడు. ముత్యాల్లాంటి అక్షరాలు. ఆ ముత్యాలను చూసింది మాత్రం అతనొక్కడే.

ఇప్పుడు వచ్చినవాళ్ళు కట్ట నంబరు చీటీ మీద రాసివ్వాలి. నంబరుంటే కాగితం వస్తుంది. లేకపోతే రాదు. చీటీ లేకుండా ఏదీ గడప దాటి బయటికి పోకూడదు, కంబగిరి తప్ప మనిషన్నవాడు గడప దాటి లోపలికి రాకూడదు. ఈ రెండూ గురువమ్మ పెట్టిన నియమాలు.

ఆ గురువారం పుస్తకం తెరిస్తే, పెన్సిలుతో, ఒక్కో అక్షరం ఒక్కో రాయి ఎత్తిపెట్టినట్టు రాసి ఉంది.

"మూడు సార్లు వస్తి. కాయితం దొరకలేదు. ఎట్ల అడగాల్నో అదీ దొరకలేదు. ఉసేన్‌బీ."

ఆమె అతనికి బాగా గుర్తుంది. ఏటి అవతలి ఊరి దూదేకులామె. వాళ్ళ గోరీల దిబ్బను చదును చేసి ఇళ్ళ స్థలాలు వేస్తానని ఒకడు బయలుదేరాడు. ఆ దిబ్బ వాళ్ళకు దానమిచ్చిన కాగితాన్ని వరద ఏడు ఆమె తాత ఇక్కడే దాచాడట. ఆరోజే, గురువారం సాయంత్రం ఐదులోపు మండలాఫీసులో దాన్ని చూపించాలి. చూపించకపోతే శుక్రవారం దిబ్బలో మట్టి తోడే మిషను దిగుతుంది. ఆమె కొడుకును ఆ దిబ్బలో పెట్టి ఐదు నెలలు.

ఇదంతా ఆమె మూడుసార్లూ మొదటినుంచీ చెప్పింది. మూడుసార్లూ కంబగిరి ఒకటే మాట అన్నాడు: "నంబరు రాసుకొని రామ్మా."

అడగడం ఎట్లో కూడా దొరకలేదట. తొమ్మిదేళ్ళ చాకిరీ మీద పెన్సిలుతో గీత గీసినట్టు అనిపించింది కంబగిరికి. వేరే కాగితం తీసి జవాబు రాశాడు, కొట్టేశాడు, మళ్ళీ రాశాడు. చివరికి కుదిరింది: "దొరకనిది కాగితం కాదు, ఓపిక. పద్ధతి ఉన్నచోట దొరకనిదంటూ లేదు."

తనకే ముచ్చటేసి గురువమ్మకు చూపించడానికి పట్టుకెళ్ళాడు.

ఆమె వసారాలో చేటలో వేరుశనక్కాయలు ఒలుస్తోంది. డెబ్బై దాటిన మనిషి. ఉతికి ఉతికి వెలిసిన తెల్లచీర, బొట్టూ గొలుసూ ఏమీ లేవు. తెలియనివాళ్ళు ఆమెను వంటమనిషి అనుకునేవాళ్ళు. ముందు ఉసేన్‌బీ మాట, తర్వాత తన జవాబు, రెండూ చదివి వినిపించాడు కంబగిరి.

"బాగ రాసినావు" అంది గురువమ్మ. ఆ గొంతులో తీపీ లేదు, చేదూ లేదు. చేట పక్కనపెట్టి లేచింది. "నాకూ ఒక కాయితం కావాల. పద."

"ఏదో చెప్పండమ్మా. ఇక్కడికే తెచ్చిస్తా."

"వద్దు. వచ్చినోళ్ళకు ఎట్లిస్తావో నాకూ అట్లనే ఇయ్యి."

కంబగిరి గడప లోపల, బల్ల వెనక కూర్చున్నాడు. గురువమ్మ బయట మెట్టు మీద నిలబడింది. పొద్దు అప్పటికే ఎక్కింది.

"గోరీల దిబ్బ దానం కాయితం కావాల."

కంబగిరి మొహం బిగుసుకుంది. "నంబరు?"

"తెల్దు. యాడ దొరుకుతుంది?"

"జాబితాలో."

"జాబితా యాడుంది?"

"లోపల."

"నేనొచ్చి చూసుకుంటా."

"రాకూడదమ్మా. మీరు పెట్టిన నియమమే."

"అయితే దాన్ని బయటికియ్యి."

"చీటీ లేకుండా ఏదీ గడప దాటకూడదు. అదీ మీదే."

"చీటీ రాస్తా. జాబితా నంబరెంత?"

కంబగిరి జాబితా అట్టను అటూ ఇటూ తిప్పి చూశాడు. రెండువేల ఆరువందల పద్నాలుగు నంబర్లలో ఏది అడిగినా తడుముకోనివాడు.

"దానికి నంబరు లేదమ్మా."

"సరే" అని గురువమ్మ మెట్టు మీద కూర్చుంది.

ఇది పరీక్ష అని కంబగిరికి తోచింది. గురువు ఎదుటపడినా నియమం తప్పుతాడా లేదా అని చూస్తోంది. తప్పకూడదు. అతను కట్టలు దులపడం మొదలుపెట్టాడు. లోపల ఫ్యాను తిరుగుతోంది.

పదకొండైంది. మెట్టు నీడ గోడలోకి వెళ్ళిపోయింది. ఆమె కదల్లేదు.

పన్నెండైంది. దూరంగా వంటింటి చూరు కింద శిష్యులు గుమికూడారు. ఎవరూ నవ్వడం లేదు.

"అమ్మా, లేచి భోంచేయండి" అన్నాడు కంబగిరి లోపలినుంచి.

"వచ్చినోళ్ళకు ఈడ అన్నం పెడతావా?"

"లేదు."

"మరి నన్నేల పిలుస్తావు?"

ఒంటిగంట దాటాక ఏటివైపు నుంచి ఉసేన్‌బీ వచ్చింది. నెత్తిన కొంగు, చంకలో గుడ్డసంచి. మెట్టు మీద ముసలామెను చూసి పక్కన చతికిలబడింది.

"నువ్వెన్నోసారి అవ్వా?"

"మొదటిసారి."

"అయితే నీకింకా శానా ఉండాదిలే. నాకిది నాలుగు." సంచిలోంచి సీసా తీసింది. "మొగమంతా కందిపాయ గదా. తాగు. ఈడ నీళ్ళుండవని మొదటిసారే తెలిసిపాయ. అప్పట్నించి తెచ్చుకుంటాండా."

గురువమ్మ సీసా ఎత్తి సగం తాగింది. గొంతు కదిలే చప్పుడు గదిలోకి వినబడింది. ఫ్యాను కింద కంబగిరికి చెమట పట్టింది.

"లోపలుండే సామి ఎట్లాంటోడు?" అంది గురువమ్మ.

"చెడ్డోడేం కాదులేవ్వా. కసురుకోడు. ఊరికే నంబరు నంబరు అంటాడు." ఉసేన్‌బీ గొంతు తగ్గించింది. తగ్గించినా వినబడింది. "ఆ బుక్కు చూసినావా? కూడబలుక్కోని ఎర్రరాతలన్నీ చదివినా నిన్న. ఒకాయప్ప నీళ్ళు లేవంటే ఏం రాసినాడనుకున్యావు. చదివి నాకు నవ్వొచ్చె. మళ్ళ నేనూ రాస్తి గదా అని గెవనమొచ్చె. నా కింద ఏం రాస్తాడో ఏమో."

అది కంబగిరి జేబులో ఉంది.

"ఇంటికి పోయి పండుకుందామంటే నిద్ర రాల్యా. పొద్దన్నే దిబ్బకాడికి పోతి. సున్నంతో గీతలు గీసినారు. ఒక గీత నా కొడుకు కాళ్ళకాడ పోయింది." ఆమె సీసా మూత తిప్పుతూ కూర్చుంది. "ఐదు లోపల ఇయ్యల్ల. ఇట్లోటి అట్లోటి తేలేదాకా ఈడే కూచుంటా."

లోపల బల్ల జరిగిన చప్పుడైంది.

కంబగిరి జాబితాను రెండు చేతులా ఎత్తుకుని గడప దాకా వచ్చాడు. గడప దగ్గర కాళ్ళు ఆగిపోయాయి.

"అమ్మా. మీ నియమం."

"అది పెట్టిన పొద్దు నేను లోపల కూచోనుంటి నాయనా" అంది గురువమ్మ.

అతను గడప దాటాడు. కాలుతున్న మెట్టు మీద, ఇద్దరి మధ్యా కూర్చుని జాబితా తెరిచాడు.

అప్పుడు తెలిసింది. ఆ జాబితా నంబర్ల వరసలో ఉంది. ఊళ్ళ వరసలో లేదు. నంబరు చెబితే కాగితమేదో చెబుతుంది. కాగితం పేరు చెబితే నంబరు చెప్పదు. పేజీ తర్వాత పేజీ తిప్పాడు. దూదేకుల అని వెతికాడు, లేదు. గోరీలు అని వెతికాడు, లేదు. రెండైంది. రెండున్నరైంది. చెమట చుక్కలు ముత్యాల మీద పడి సిరా అలుక్కుపోయింది. తుడవడానికి తీరిక లేదు.

"ఇచ్చినాయప్ప పేరు పనికొస్తాదా సామీ?" అంది ఉసేన్‌బీ మెల్లగా.

కంబగిరి తలెత్తాడు. తను పత్రాలన్నీ ఎక్కించింది ఇచ్చినవాళ్ళ పేర్లతోనే. పుచ్చుకున్నవాళ్ళ పేర్లు రాయాలని తొమ్మిదేళ్ళలో ఒక్కనాడూ తోచలేదు.

"తెలుసా నీకు?"

"ఎందుకు తెల్దు? పెద్ద చౌడప్ప. ఆయప్పకు మా జేజినాయన పరుపులు కుట్టేటోడు. మాయింట్లో ఆ పేరు తలుచుకోకుండా పండగ చెయ్యం."

"మూడుసార్లు వచ్చావు. ఈ మాట ఒక్కసారైనా చెప్పలేదేం?"

"మీరు నంబరే అడిగితిరి సామీ."

మళ్ళీ మొదటి పేజీ నుంచి ఇచ్చినవాళ్ళ పేర్లు చూసుకుంటూ వచ్చాడు. కట్ట నంబరు పద్దెనిమిదివందల నలభై ఏడు. లోపలికి పరుగెత్తి కట్ట విప్పాడు. అడుగున, వరద నీటి మరకతో, కాగితం ఉంది. దాని వెనక దాచినవాడి వేలిముద్ర.

నాలుగు కావొస్తోంది. మండలాఫీసు పదిహేడు కిలోమీటర్లు. ఎవరినీ అడక్కుండా కంబగిరి ఆశ్రమం మోటారు సైకిలు తీశాడు. ఉసేన్‌బీ కాగితాన్ని సంచిలో పెట్టి, సంచిని కడుపుకు అదుముకుని వెనక కూర్చుంది.

నాలుగూ నలభైకి ఆఫీసులో ఉన్నారు. కూర్చునే చోటు లేదు. అరగడియ నిలబడ్డాక గుమాస్తా ఫోను చూసుకుంటూనే అన్నాడు: "ఏ ఫైలు? నంబరు చెప్పండి."

కంబగిరి తలెత్తి చూశాడు. గుమాస్తా తలకాయ పైన గోడ గడియారంలో ముల్లు కదిలింది.

ఉసేన్‌బీ కొంగుముడి విప్పి, నలిగిన చీటీ తీసి బల్ల మీద పెట్టింది. "మొదటిరోజే అడిగి రాయించుకుంటి సార్. ఈడ అడిగితే చెప్పిరి" అంది.

గుమాస్తా కాగితం తిరగేసి చూశాడు. లోపలికి తీసుకెళ్ళాడు. ఐదుకు మూడు నిమిషాలుండగా ముద్ర వేసిన రసీదుతో బయటికి వచ్చాడు. "రేపు మిషను రాదు. పెద్దసారు ఫోన్ చేసి ఆపించినాడు. పో."

ఆమె రసీదును వెలుతురుకు పట్టుకుని, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, చివరిదాకా చదువుకుంది. అప్పుడు గోడకానుకుని కిందికి జారి కూర్చుంది. కంబగిరి నీళ్ళ కోసం అటూ ఇటూ చూశాడు. ఎక్కడా కనబడలేదు.

ఆమెను ఊళ్ళో దింపి, పొద్దు గుంకే వేళకు ఆశ్రమం చేరాడు. పత్రాల గది బయట పుస్తకం మేకుకు వేలాడుతోంది. జేబులోంచి తన జవాబు తీసి ముక్కలు ముక్కలుగా చించాడు. ఉసేన్‌బీ మాట కింద వేరే ఏదైనా రాయాలని పుస్తకం తెరిచాడు.

అప్పటికే దాని కింద పెన్సిలుతో ఇంకో మాట ఉంది. గురువమ్మ రాత.

"నీళ్లు దొరికినాయి. వచ్చినామె ఇచ్చింది."

ఎర్ర పెన్ను మూత తీశాడు. మూత పెట్టేసి, పుస్తకం పట్టుకుని వసారాలోకి వెళ్ళాడు. ఆమె మళ్ళీ చేట ముందు కూర్చుని ఉంది. ఎండకు ముక్కు మీద చర్మం లేచింది.

"అమ్మా, దీనికేం జవాబు రాయమంటారు?"

గురువమ్మ ఒక కాయ ఒలిచి, పొట్టు ఊది, గింజ అతని చేతిలో పెట్టింది.

"పెన్ను ఆడ పెట్టు. వంటింట్లో పెద్ద కడవ ఖాళీగా ఉండాదేమో చూడు పో."